లెక్కలోంచి తీసేసిన ముగ్గురు

మా అన్నయ్య కూతురి పేరున ఈ రాష్ట్రంలో ఒక చట్టం ఉంది. ఆ చట్టం ఊరూరా నిలబెట్టిన యంత్రం నాది. ఈ రెండూ కలిసి ఒక చిన్న ఊరిని ఏం చేశాయో చెప్పడానికి కూర్చున్నాను. నన్ను నేను వెనకేసుకు రావాలని లేదు. నాతో పనిచేసేవాళ్ళు కొందరు, అయిపోయిందాన్ని ఇంకా ఎందుకు తవ్వుకుంటావు అంటున్నారు. వాళ్ళకి తవ్వుకోవడానికి ఏమీ లేదు కాబట్టి అలా అంటారు.

లాస్యకి తొమ్మిదేళ్ళు. నా పేరు హిమబిందు అయితే, అది నన్ను 'బిందత్తా' అనేది. ఒక బుధవారం బడి నుంచి జ్వరంతో వచ్చింది, ఆదివారం మధ్యాహ్నానికి లేదు. డెంగీ. అన్నయ్య చక్రధర్ అప్పటికే కోటరేవు ఎమ్మెల్యే. ఆయన ఒక్క ఫోను చేస్తే పెద్ద పెద్ద డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు గానీ ఒంట్లో పడిపోతున్న రక్తకణాలు ఎవరి ఫోనూ వినలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు మా వదిన సుగుణ ఇంట్లో ఒక్క కిటికీ తెరవనివ్వలేదు. ఎండాకాలంలో ఆ ఇల్లు ఉడికిపోతున్నా సరే, మూసే ఉంచేది.

నేను అప్పటికి పదేళ్ళుగా దోమల మీదే పనిచేస్తున్నాను. మేనకోడలిని దోమకి ఇచ్చుకున్న దోమల నిపుణురాలిని. మగదోమ ఆడదోమని కంటితో వెతకదు, రెక్కల చప్పుడుతో పోల్చుకుంటుంది. మనిషి చెవికి అందని రెండు సన్నటి శబ్దాలని ఒక స్తంభం మీంచి వదిలితే, అవి మగదోమ మీసాల దగ్గర కలిసి ఆడదోమ రెక్కల చప్పుడుగా మారతాయని కనిపెట్టాను. ఇక మగవన్నీ లేని పెళ్ళికూతురి కోసం తిరిగి తిరిగి అలిసిపోతాయి. ఉన్న ఆడదోమలు గుడ్లు పెట్టకుండానే ముసలివైపోతాయి. మా లాబొరేటరీలో దీనికి 'మాయకూత' అని పేరు పెట్టారు.

కోటరేవులో పన్నెండు స్తంభాలతో మొదలుపెట్టాం. ముందు ఏడాది ఆ పట్టణంలో నాలుగు వందల పైచిలుకు డెంగీ కేసులు. రెండు వానాకాలాలు గడిచాక ఆరు. వదిన ఒకరోజు పొద్దున్నే హాల్లో కిటికీ తెరిచింది. నేను అక్కడే ఉన్నాను. నా జన్మకి అది చాలనిపించింది.

శాసనసభలో బిల్లు పెట్టినరోజు అన్నయ్య మాట్లాడుతుంటే ప్రతిపక్షం వాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఒక్కరు కూడా వ్యతిరేకించలేదు. పేరు దోమల నిర్మూలన చట్టం అయినా అందరూ లాస్య చట్టం అనేవాళ్ళు. ప్రతి మండలంలోనూ స్తంభాలు, అవి నిరంతరం మోగాలి, ఏ పంచాయతీ వద్దన్నా ఆగకూడదు, ఏ కోర్టూ దీని జోలికి రాకూడదు. ఇందులో 'నిరంతరం' అన్న మాట నాది. రోజుకి ఎన్ని గంటలు మోగాలని అధికారులు అడిగితే, ఇరవైనాలుగు గంటలూ అన్నాను. మధ్యలో ఆపితే ఏమవుతుందో నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి సిగ్గుపడి ఆ మాట రాయించాను.

చట్టం వచ్చిన ఎనిమిది నెలలకి బంగారమ్మ మా లాబొరేటరీకి వచ్చింది.

అరవై దాటిన మనిషి. చేతిలో తన కంటే పొడవైన తెడ్డు. గేటు దగ్గర వాచ్‌మన్ అది బయట పెట్టి రమ్మంటే, తెడ్డు లేకపోతే చెప్పేది మీకు అర్థం కాదని పోట్లాడి మరీ లోపలికి తెచ్చింది. వాళ్ళది మొగలంక. ఏరు సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, ఇసుక దిబ్బల మధ్య నూట నలభై ఇళ్ళు. చుట్టుపక్కల వాళ్ళు వాళ్ళని తెడ్డుచెవోళ్ళు అంటారు. కొంచెం వెటకారంగానే అంటారు.

ఆ పేరు ఎందుకొచ్చిందో ఆవిడే చూపించింది. తెడ్డు వెడల్పు కొస నీళ్ళలో ముంచి, రెండో కొస చెవి కింద దవడ ఎముకకి ఆనించుకుని వింటారు. చేపల గుంపు ఎటుందో, అడుగున ఇసుక ఎటు జరుగుతోందో, దిబ్బ అవతల ఎంత పెద్ద అల లేస్తోందో ఎముకలోంచి తెలుస్తుంది. ఆడా మగా తేడా లేదు, ఏడో ఏట నుంచే పిల్లలకి నేర్పుతారు. రోజూ పొద్దున్నే నలభై పడవలు మొగ దగ్గర ఆగుతాయి. ఒక్కో పడవలో ఒక్కరు వింటారు. నలభైమందీ సరేనంటేనే దాటుతారు. ముప్పై తొమ్మిదిమంది పదమని ఒక్కరు వద్దంటే నలభై పడవలూ వెనక్కి తిరుగుతాయి. ఎందుకని అడగరు, ఇంటికెళ్ళాక దెప్పరు.

ఆ ఒక్కళ్ళు చెప్పింది తప్పయితే ఏం చేస్తారని అడిగాను. లెక్కలు నేర్చినదాన్ని కదా, ముందు ఆ ప్రశ్నే వచ్చింది.

"తప్పయితే ఒక పూట కూడు పోద్దండి. నిజవయితేనో?" అంది బంగారమ్మ.

చట్టం వచ్చాక ఇంకా గట్టిగా మోగే స్తంభాలు పెట్టిన దగ్గర్నుంచి దవడలో ఒక దోమ దూరిందట. తెడ్డు ఆనించినా ఆనించకపోయినా, మెలకువలోనూ నిద్రలోనూ, వాలకుండా చావకుండా కూస్తూనే ఉందట. ముసలివాళ్ళు తలలు గోడకేసి ఆనించుకుంటున్నారు. పిల్లలు తినడం లేదు. ఆ కూత కింద మొగ చప్పుడు వినపడక ఆ ఏడు రెండు పడవలు తిరగబడ్డాయి. ముగ్గురు పోయారు, వాళ్ళలో ఒకడు ఆవిడ చిన్నల్లుడు. ఇదంతా చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు పెంచలేదు. కలెక్టరు ఆఫీసులో, మా అన్నయ్య ఆఫీసులో ఇదే చెప్పి చెప్పి ఏడుపు అరిగిపోయినట్టుంది.

నేను నమ్మలేదు. నమ్మకపోవడం నా వృత్తిలో మర్యాద. ఆవిడని చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, కళ్ళకి గంతలు కట్టి, మాయకూతని అరవైసార్లు ఇష్టమొచ్చినట్టు వేస్తూ ఆపుతూ పోయాను. మోగినప్పుడు వేలెత్తమన్నాను. అరవైకి అరవై సరిగ్గా చెప్పింది. మర్నాడు వాళ్ళ ఊరి నుంచి ఇంకో ఇరవైమందిని రప్పించాను. ఒక్కరు కూడా తప్పలేదు. ఏళ్ళ తరబడి ఎముకతో వినీ వినీ, చెవికి అందని శబ్దాన్ని వాళ్ళ ఎముక పట్టుకుంటోంది.

"ఈ సంగతి అప్పుడే రాసుకున్నారు కదమ్మా మీరు," అంది బంగారమ్మ వెళ్ళేటప్పుడు. "కోటరేవులో పీతలమ్ముకోటానికి వొచ్చినప్పుడు. టోపీ పెట్టి అడిగారు, ఏవన్నా ఇనపడతందా అని. ఇనపడతందని సెప్పేనండి."

పాత కాగితాలు తీశాను. స్తంభాలు పెట్టేముందు, మాయకూత మనుషులకి వినపడుతుందేమోనని కోటరేవులో నాలుగు వేల పదహారు మందికి వినికిడి టోపీ పెట్టి పరీక్షించాం. వినపడుతోందన్నవాళ్ళు ముగ్గురు. ఆ మూడు వరసలకీ ఎర్ర గీత, పక్కన నా చేతిరాతతో 'చెవిలో హోరు, వదిలేయాలి' అని. ముగ్గురి ఊరి పేరూ అదే కాగితం మీద ఉంది. మూడుసార్లూ మొగలంక. నేను ఊరి పేరు దాకా చదవలేదు.

ఆ కాగితం పట్టుకుని అన్నయ్య దగ్గరకి వెళ్ళాను. అప్పటికే ఒక లాయరమ్మ మొగలంక తరఫున పైసా తీసుకోకుండా హైకోర్టులో రిట్ వేసింది. ప్రభుత్వం వైపు సాక్షిని నేనే. శాస్త్రీయంగా ఆధారం లేదని ఒక అఫిడవిట్ తయారుచేసి నా సంతకం కోసం పంపారు. ఆ సంతకం పెట్టే పని నాకు పడకుండా, సభలోనే సవరణ తెచ్చి, మొగలంక చుట్టూ ఆరు కిలోమీటర్లు స్తంభాలు తీయించమని బతిమాలాను.

అన్నయ్య చెడ్డవాడు కాదు. కాగితం రెండుసార్లు చదివాడు. ఆ ఆరు కిలోమీటర్లలో కోటరేవు సగం పడుతుందని గుర్తుచేశాడు. అక్కడ నలభై వేల మంది ఉంటారు, మొగలంకలో అంతా కలిపితే ఆరు వందలు.

"వాళ్ళ బాధ అబద్ధం అనట్లేదు బిందూ. ఏ తల్లి దగ్గరికెళ్ళి, మీ వీధిలో కూత ఆపేస్తున్నానని చెప్పమంటావు? ముందు మీ వదినకి చెప్పు, చూద్దాం. నన్ను జనం పంపారు. నచ్చకపోతే దింపేస్తారు. రేపు ఆ కుర్చీలో కూర్చుని ఆపెయ్యమనే జడ్జీగారిని ఎవరు పంపారు?"

వదిన వంటింట్లోంచి ఇదంతా వింటూనే ఉంది. ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇంటికొచ్చి ప్రభుత్వం పంపిన అఫిడవిట్ పక్కన పెట్టి, నా సొంతది నేనే రాసుకున్నాను.

జస్టిస్ కామేశం గారికి రిటైర్మెంటు రెండేళ్ళలో ఉంది. నెమ్మదైన మనిషి, ప్రతి మాటా చేత్తో రాసుకునేవారు. కోర్టులు జోలికి రాకూడదన్న సెక్షన్‌ని మొదటి రోజే తీసి పక్కన పెట్టారు. హైకోర్టు గడప రాజ్యాంగం పెట్టింది, దాన్ని పీకేసే అధికారం సభకి లేదన్నారు. తర్వాత నన్ను పిలిచారు. నా పరీక్షల గురించి గంటసేపు అడిగి, చివరికి ఆ కాగితం పైకెత్తారు.

"ఈ ముగ్గురినీ ఎందుకు తీసేశారమ్మా?"

"సగటు చెడిపోతుందని, సర్."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని నాకు అనిపించింది. ప్రభుత్వ లాయరు లేచి, మాట తడుముకోకుండా తన వాదన చెప్పాడు. బిల్లుకి ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా రాలేదు, ప్రజల ప్రతినిధులంతా ఒక్కటై చేసినదాన్ని ఆరు వందల మంది కోసం ఆపితే ఇక ఎన్నికలెందుకు అని అడిగాడు. మొగలంకలో పడవలు ఒక్కరి మాట మీద ఆగుతాయేమో గానీ రాష్ట్రం అలా నడవదన్నాడు. అతను చెప్పినదాంట్లో నాకు తప్పు దొరకలేదు. చనిపోయిన ముగ్గురు కూడా అందులో దొరకలేదు.

కామేశం గారు పెన్నుకి మూత పెట్టారు.

"నేను పొరపాటు చేస్తే నన్ను దింపే ఓటు ఎవరి దగ్గరా లేదు," అన్నారాయన. "అందుకే సభ చేసిన చట్టం మీద చెయ్యి వెయ్యాలంటే భయం. కానీ వీళ్ళ దగ్గర సభలో నెగ్గే ఓట్లూ లేవు. ఎన్ని ఎన్నికలు వచ్చినా ఉండవు. ఇంకెక్కడికి వెళ్ళమంటారు వీళ్ళని?"

చట్టాన్ని కొట్టెయ్యలేదు. మొగలంక చుట్టూ ఆరు కిలోమీటర్లలో ఉన్న అయిదు స్తంభాలని మూడు నెలలు ఆపమని, ఈలోగా మరో దారి వెతకమని మా సంస్థకి ఆదేశం ఇచ్చారు. స్తంభాలు ఆపిన నాడు బంగారమ్మ పగలంతా పడుకుని నిద్రపోయిందని లాయరమ్మ ఫోను చేసి చెప్పింది. ఆ మర్నాడు మొగలో ఒకరు వద్దన్నారట. నలభై పడవలు వెనక్కి తిరిగాయట.

నలభై ఎనిమిదో రోజున కోటరేవులో నిత్యశ్రీ అనే ఆరేళ్ళ పాప డెంగీతో చనిపోయింది.

వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. కొట్టినా తిట్టినా పడదామనుకున్నాను. పాప తల్లి గౌరి కొట్టలేదు, తిట్టలేదు. నన్ను గుమ్మం బయటకి తీసుకొచ్చి, తమ వీధికి మోగే స్తంభం ఏదని అడిగింది. చూపించాను. దానికేసి కాసేపు చూసి, ఇది మోగుతుంటే మా పిల్ల ఉండేదా అండీ అంది. బహుశా ఉండేదని చెప్పాను. అబద్ధం చెప్పడం ఆ గుమ్మంలో నావల్ల కాలేదు.

ఊళ్ళో జడ్జీగారి బొమ్మ తగలబెట్టారు. మొగలంక వాళ్ళ చేపలు ఎవరూ కొనకూడదని సంతలో మైకు పెట్టి చెప్పారు. వదిన ఫోను చేసింది. 'ఇప్పుడు ఇద్దరు' అని ఒక్క మాట అని పెట్టేసింది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

నేను మొగలంక వెళ్ళాను. దేనికి వెళ్ళానో నాకే తెలీదు. స్తంభాలు మళ్ళీ మోగించుకోనివ్వమని వాళ్ళని అడుగుదామని మనసులో ఒక మూల ఉందేమో. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పాప పోయిందని తెలిసి మూడు రోజులుగా ఎవరూ ఏట్లోకి దిగలేదు. బంగారమ్మ నన్ను నీడలో కూర్చోబెట్టి, ఆ పాప పేరేంటని అడిగింది. చెప్పాను. ఆ పేరుని నెమ్మదిగా ఒకసారి పలికింది.

అప్పుడు నేను, నాలుగు వేల పదహారు మందిని పరీక్షించిన దాన్ని, ఎవర్నీ ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగాను. వినపడుతోందా లేదా అని కాదు. ఏం వినపడుతుందని.

బంగారమ్మ కళ్ళు మూసుకుని చెప్పింది. "పొద్దుగూకులూ ఒంటిగానే కూస్తాదండి, పిచ్చిదానిలాగ. పొద్దు వాలబోయే ముందర ఓ రెండు గంటలు మాత్రం దానికి జవాబొస్తాది. ఎక్కడెక్కడియో వొచ్చి దాని సుట్టూ మూగుతాయి. ఆ రెండు గంటలే అది వాటికి ఇనపడేది. మిగతాదంతా మాకేనండి."

మగదోమలు రోజులో ఆ రెండు గంటలే గుంపు కడుతున్నాయన్నమాట. మిగతా వేళల్లో ఎంత పిలిచినా వాటికి పట్టడం లేదు. మా పరికరాలు స్తంభం ఎంత గట్టిగా మోగుతోందో కొలిచేవి, ఎవరు బదులిస్తున్నారో కొలిచేవి కావు. మరో దారి వెతకమన్న కోర్టు ఆదేశం కింద, దూరంగా ఇంకో మండలంలో కొన్ని స్తంభాలని సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు మాత్రమే మోగించి, పక్క మండలంలో రోజంతా మోగనిచ్చాను. నాలుగు వారాలు తొట్లలో దోమ గుడ్లు లెక్కపెట్టించాను. రెండు చోట్లా తేడా లేదు.

మూడేళ్ళ కిందట ఆ టోపీ తీసేటప్పుడు ఈ ప్రశ్న అడిగి ఉంటే, స్తంభాలు అన్ని ఊళ్ళలోనూ రెండు గంటలే మోగేవి. మొగలో పడవలు తిరగబడేవి కావు. కోటరేవులో స్తంభాలు ఆపాల్సిన పనే పడేది కాదు. నిత్యశ్రీ ఇప్పుడు ఒకటో తరగతిలో ఉండేది. దీన్ని ఎటు తిప్పి చూసుకున్నా నాకు ఇంకో అర్థం కనపడదు.

మొగలంక వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. నలభైమందీ వద్దనకుండా ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. పడవలు దాటేది పొద్దున్న కాబట్టి సాయంత్రం ఆ రెండు గంటలు ఓర్చుకుంటామని కోర్టుకి చెప్పారు. ఇక అడ్డంకి ఒక్కటే. చట్టంలో నా 'నిరంతరం' కూర్చుని ఉంది. ఆ మాట మార్చి కొత్త వేళలు రాసే పని సభదేనని, ఆ పని సభ చేస్తేనే గౌరవంగా ఉంటుందని కామేశం గారు ముప్పై రోజులు గడువిచ్చి, తేలేదాకా ఆ అయిదు స్తంభాలనీ ఆపే ఉంచమన్నారు. ప్రభుత్వం కదల్లేదు. ఎన్నికలు దగ్గర పడ్డాయి. కోర్టుకి లొంగారన్న మాట ఎవరికీ అక్కర్లేదు.

అన్నయ్య లాబొరేటరీకి వచ్చాడు. రెండు మండలాల గుడ్ల లెక్కలు ముందు పెట్టాను.

"అంటే రోజుకి ఇరవైరెండు గంటలు ఊరికే మోగిందా?" అన్నాడు.

"ఊరికే."

ఆయన లెక్కల కాగితం మళ్ళీ మొదటినుంచి చదివాడు. సభలో తను మాట్లాడిన మాటలన్నీ గుర్తొస్తున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి, సుగుణకి నేనే చెబుతాను అని లేచాడు. చెప్పాడు. పిల్ల పేరు మీద మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా కత్తిరిస్తావా అని వదిన అడిగిందట. సభలో సవరణ పెడితే తను పుట్టింటికి వెళ్ళిపోతానందట. మర్నాడు అన్నయ్య ఒక్కడే తన పేరున సవరణకి నోటీసు ఇచ్చాడు. వదిన పుట్టింటికి వెళ్ళింది.

సవరణ సభ ముందుకి వచ్చిన రోజు నేను సందర్శకుల గ్యాలరీలో ఉన్నాను. అన్నయ్య ఈసారి లాస్య పేరు ఎత్తలేదు. బంగారమ్మ చెప్పింది చెప్పాడు, గుడ్ల లెక్క చెప్పాడు, మొగలో పోయిన ముగ్గురి పేర్లూ నిత్యశ్రీ పేరూ చెప్పాడు. అందరూ మర్యాదగానే విన్నారు. తర్వాత స్పీకరు సవరణని మూజువాణి ఓటుకి పెట్టారు. అనుకూలంగా ఉన్నవాళ్ళు అవును అనండి అంటే, అవును అని అన్నయ్య గొంతు ఒక్కటే వినిపించింది. వ్యతిరేకించేవాళ్ళు కాదు అనండి అంటే హాలు దద్దరిల్లింది. స్పీకరు వీగిపోయిందని చెప్పబోతుంటే అన్నయ్య లేచి నిలబడి, తలకాయలు లెక్కపెట్టి ఎవరు ఎటో రాయమన్నాడు.

సభ అభిప్రాయం స్పష్టంగానే ఉంది కదా చక్రధర్ గారూ అన్నారు స్పీకరు, జాలిగా.

"ఉందండి. అయినా నా పేరు రాయించండి," అన్నాడు అన్నయ్య.

గంట కొట్టారు, తలుపులు మూశారు, లెక్కపెట్టారు. కాదన్నవాళ్ళు నూట అరవై మూడు. అవునన్నవాడు ఒకడు. బయటకి వచ్చేటప్పుడు తోటి సభ్యులు ఆయన భుజం తట్టారు. పార్టీ ఆ వారమే టికెట్టు వేరే వాళ్ళకి ఇస్తున్నట్టు చెప్పేసింది. గ్యాలరీ రెండో కొసన, తల మీద కొంగు కప్పుకుని వదిన కూర్చుని ఉండటం నేను చివర్లో చూశాను. నేను దగ్గరకి వెళ్ళేలోపు ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తీర్పు రోజున కామేశం గారు ఆ ఓట్ల కాగితం తెప్పించుకుని ముందు పెట్టుకున్నారు. సభ తెలియక చేసిందేమో, తెలిస్తే సరిచేస్తుందేమో అని ఇన్నాళ్ళు ఆగానన్నారు. ఒకరు లేచి అన్నీ విడమర్చి చెప్పారు, తన పేరు రాయించుకున్నారు, కాబట్టి సభకి తెలుసు అన్నారు. తెలిసీ వద్దంది కాబట్టి ఇక మిగిలింది ఈ కుర్చీయేనన్నారు. 'నిరంతరం' అన్న మాటని కొట్టేశారు. రెండు గంటలు అన్నది మాత్రం ఆయన రాయలేదు. తీసెయ్యడం వరకే తన అధికారమని చెప్పారు. ఆ మాట పోయాక, మోగే వేళలు నిర్ణయించే బాధ్యత చట్టంలోని ఇంకో సెక్షను ప్రకారం మా సంస్థ మీద పడింది. నేను నాలుగున్నర నుంచి ఆరున్నర అని రాసి సంతకం పెట్టాను.

నూట అరవై మూడుమంది మాటని ఒక్క జడ్జీ కాదన్నాడని మర్నాడు పేపర్లు రాశాయి. అది అబద్ధం కాదు. ఇంకో జడ్జీ వచ్చి ఇంకో మంచి చట్టాన్ని ఇలాగే కొట్టేస్తే నేనేమంటానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

కొత్త వేళలు మొదలైన రోజు నేను మొగలంకలోనే ఉన్నాను. నాలుగుంపావుకి ఊళ్ళో పనులు ఆగిపోయాయి. పిల్లల్ని కోటరేవు అవతల, కూత అందని చుట్టాల ఊళ్ళకి పంపేశారు. ముసలివాళ్ళు ఇళ్ళలో పడుకున్నారు. బంగారమ్మ ఇంటి ముందు ఇసుకలో కూర్చుని దవడలు రెండు చేతులతో పట్టుకుంది. సరిగ్గా నాలుగున్నరకి స్తంభం మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. నాకు ఎప్పటిలాగే సముద్రం హోరు తప్ప ఏమీ వినపడలేదు. బంగారమ్మ మొహంలో మాత్రం ఎవరో లోపల్నుంచి తాడు బిగించినట్టు అయింది.

అప్పుడు దిబ్బ మీంచి అన్నయ్య, వెనకాల వదిన నడిచి వచ్చారు. వదిన నావైపు చూడలేదు. తిన్నగా బంగారమ్మ దగ్గరకి వెళ్ళి ఇసుకలో కూర్చుంది. తను లాస్య తల్లినని చెప్పింది. బంగారమ్మ తల ఊపింది.

వదిన ఊపిరి బిగబట్టి, తల వంచి విన్నది. చాలాసేపు విన్నది. కూతురి పేరున మోగుతున్న చప్పుడు ఎలా ఉంటుందో వినాలని ఆవిడ తాపత్రయం.

"నాకేం వినపడటం లేదమ్మా," అంది వదిన చివరికి.

బంగారమ్మ ఒక చెయ్యి దవడ మీంచి తీసి, వదిన చెయ్యి పట్టుకుంది.

"నీకు ఇనపడదు తల్లీ. ఎంతసేపు కూకున్నా ఇనపడదు. నే సెప్తాను, నువ్వు నమ్ము."

వదిన ఏడ్చింది. ఆ చెయ్యి వదల్లేదు. ఆరున్నరకి దీపం ఆరిపోయేదాకా అక్కడే కూర్చుని, ఇంకా ఉందా అమ్మా అని మధ్యమధ్యలో అడుగుతూనే ఉంది. ఉందని బంగారమ్మ చెప్పిన ప్రతిసారీ ఆవిడ నమ్మింది.